కొత్తగా గుర్రపు స్వారీ నేర్చుకునేవాళ్ళకు తక్కువ ఖర్చులో బట్టలు, బూట్లు, హెల్మెట్: తరచుగా అడిగే ప్రశ్నలు

నెల్లూరు నుంచీ ఒంగోలు వైపు నుంచీ స్వారీ మొదలుపెట్టేవాళ్ళందరూ దాదాపు ఇవే ప్రశ్నలు అడుగుతున్నారు. కొందరు ఊళ్ళోనే గుర్రాలు పెంచేవాళ్ళ దగ్గర నేర్చుకుంటున్నారు, కొందరు ఆదివారం పొద్దున్నే రైలెక్కి చెన్నై పోయి వస్తున్నారు. ఫోటోల్లో తెల్ల ప్యాంటు, మోకాలి దాకా మెరిసే బూట్లు చూసి ఇదంతా డబ్బున్నోళ్ళ వ్యవహారం అనుకుని ఆగిపోయినవాళ్ళు కూడా చాలామంది ఉన్నారు, ముఖ్యంగా వాళ్ళ కోసమే ఇది రాశాను. తలకీ పాదాలకీ డబ్బు పెట్టక తప్పదు. మిగతాది చాలావరకు ఇంట్లో ఉన్నదాంతోనో మన వీధి టైలర్‌తోనో అయిపోతుంది. దేనికది విడిగా అర్థమయ్యేలా రాశాను, మీ ప్రశ్న దగ్గరికి నేరుగా పోయి చదువుకోండి.

## మొదటి క్లాసుకి ముందు

రేపే మొదటి క్లాసు, నా దగ్గర ఏమీ లేవు. ఏం వేసుకుని పోవాలి?

కాళ్ళకు అతుక్కునేలా ఉండే సాగే ప్యాంటు, ఒంటికి మరీ వదులు కాని టీషర్ట్, పొడుగు సాక్సులు, మడమ ఉన్న మూసిన బూట్లు. అంతే. హెల్మెట్ నేర్పేవాళ్ళ దగ్గర ఉందేమో ముందే ఫోన్ చేసి అడగండి, లేదంటే హెల్మెట్ దొరికేదాకా క్లాసు వాయిదా వేసుకోండి. ఒక్క వారం ఆలస్యమైతే కొంపలేమీ మునగవు. లుంగీ, పంచె, షార్ట్స్, గాలికి ఎగిరే వదులు కుర్తా వద్దు. గరగరలాడే నైలాన్ జర్కిన్ కూడా వద్దు, ఆ చప్పుడుకి కొన్ని గుర్రాలు బెదురుతాయి. ఫోన్ వెనక జేబులో పెట్టుకుని ఎక్కకండి, పడితే అది నడుముకి గుచ్చుకుంటుంది.

మొత్తం ఎంతవుద్దన్నా? నా దగ్గర ఉన్నదే కొంచెం.

ధరలు కంపెనీని బట్టీ సీజన్‌ను బట్టీ మారతాయి కాబట్టి లెక్క ఇలా వేసుకోండి. మీరు పెట్టగలిగిన ప్రతి రూపాయిలో అరవై పైసలు హెల్మెట్‌కి, ముప్పై పైసలు బూట్లకి, మిగిలిన పది పైసలు గ్లవ్స్‌కీ సాక్సులకీ. మొదటి రెండు మూడు నెలలు ప్యాంటుకి, చొక్కాకి ఒక్క రూపాయి కూడా ఖర్చు పెట్టనక్కర్లేదు. స్వారీ మీకు నచ్చుతుందో లేదో, ఒళ్ళు సహకరిస్తుందో లేదో తెలియడానికి ఆ మాత్రం టైమ్ పడుతుంది. మొదటి వారంలోనే సెట్ మొత్తం కొనేసి, తర్వాత క్లాసులకు ఫీజు కట్టలేక మానేసినవాళ్ళను చూస్తే బాధగా ఉంటుంది. డబ్బు క్లాసులకి దాచుకోండి.

బైకు హెల్మెట్ ఉంది గదా, అది పెట్టుకుంటే చాలదా?

చాలదు. అది మంచి హెల్మెటే, కానీ వేరే రకం ప్రమాదం కోసం చేసింది. ఐఎస్ఐ మార్కు పైన ఐఎస్ 4151 అని ఉంటుందే, అది టూవీలర్ నడిపేవాళ్ళ కోసం పెట్టిన ప్రమాణం. గుర్రం మీద కూర్చుంటే మన తల నేలకి ఏడెనిమిది అడుగుల ఎత్తులో ఉంటుంది, పడేటప్పుడు ఏ వైపుకైనా పడొచ్చు, పడ్డాక గిట్ట తగలొచ్చు. స్వారీ హెల్మెట్‌ని దీన్నంతా దృష్టిలో పెట్టుకునే పరీక్షిస్తారు. పైగా ఫుల్ ఫేస్ బైకు హెల్మెట్ బరువుకి మెడ లాగుతుంది, పక్కనుంచి ఏం వస్తుందో కనపడదు, నేర్పేవాళ్ళ మాట సరిగా వినపడదు. స్వారీ హెల్మెట్ సుమారు అర కిలో ఉంటుంది, ఆ తేడా పది నిమిషాల్లోనే తెలిసిపోతుంది. సైకిల్ హెల్మెట్ తేలికే కానీ తల వెనక భాగాన్ని సరిగా కప్పదు. క్రికెట్ హెల్మెట్ బంతి దెబ్బ కోసం చేసింది, కింద పడటం కోసం కాదు.

జీన్స్ వేసుకోవచ్చా?

ఒకటి రెండు క్లాసులకి పర్లేదు, అది కూడా సాగే జీన్స్ అయితేనే. జీన్స్‌లో తొడ లోపలివైపు మందపాటి కుట్టు ఉంటుంది. అరగంట ట్రాట్ (గుర్రం కుదుపుతో చేసే మెల్లటి పరుగు) చేస్తే ఆ కుట్టు గుర్రం వీపు మీది జీనుకీ మన చర్మానికీ మధ్య రుద్దుకుని తోలు లేచిపోతుంది, మన ఉక్కపోతలో చెమట తోడైతే మంట ఇంకా ఎక్కువ. సాగే కాటన్ లైక్రా ట్రాక్ ప్యాంటు దానికంటే నయం. నున్నగా జారే పాలిస్టర్ ట్రాక్ మాత్రం వద్దు, జీను మీద నిలవలేరు.

అమ్మాయిలం, చుడీదార్ మీద నేర్చుకోవచ్చా మేడం?

కింద మందపాటి లెగ్గింగ్స్ వేసుకుని, పైన తుంటి దాకా మాత్రమే ఉండే టాప్ వేసుకుంటే హాయిగా నేర్చుకోవచ్చు. పొడుగు టాపే కావాలంటే రెండు పక్కలా చీలిక నడుం దాకా ఉండాలి, లేకపోతే కాలు వేసి ఎక్కేటప్పుడు లాగేస్తుంది. చున్నీ మాత్రం ఇంట్లోనో బ్యాగులోనో ఉండాలి, మెడకి చుట్టుకుని వెనక ముడేసినా సరే వద్దు. పల్చటి లెగ్గింగ్స్ రెండు వారాల్లో చిరిగిపోతాయి కాబట్టి కొంచెం మందంగా ఉన్నవి తీసుకోండి. లోపల గట్టిగా పట్టి ఉంచే స్పోర్ట్స్ బ్రా తప్పనిసరి. ఇది సిగ్గుపడే విషయం కాదు, ట్రాట్ కుదుపులకి అది లేకపోతే నొప్పి వల్లే చాలామంది మానేస్తున్నారు.

జడ, పూలు, గాజులు, మెడలో గొలుసు ఉంటే ఏమవుద్ది?

జడ మెడ దగ్గర కిందికి అల్లుకుని చివర చొక్కా లోపలికి దోపుకోండి. కొప్పు గానీ పైకి కట్టిన పోనీ టెయిల్ గానీ ఉంటే హెల్మెట్ తల మీద సరిగా కూర్చోదు. తలలో క్లిప్పులు, పిన్నులు ఉంటే పడ్డప్పుడు అవే గుచ్చుకుంటాయి, మల్లెపూలు ఆ గంట సేపు తీసి పెట్టండి. గాజులు, ఉంగరాలు, వేలాడే కమ్మలు తీసేయండి. ఉంగరం పగ్గాల్లో ఇరుక్కుంటే వేలికే ప్రమాదం. మంగళసూత్రం తీయడం ఇష్టం లేనివాళ్ళు టీషర్ట్ లోపలికి వేసుకుని, బయటికి రాకుండా పైన మెడ మూసిన టాప్ వేసుకుంటే సరిపోతుంది. మగవాళ్ళ రుద్రాక్ష మాలలకీ చేతి కడియాలకీ ఇదే వర్తిస్తుంది.

టీటీ ఇంజెక్షన్ వేయించుకోవాలంటున్నారు, నిజమేనా?

నిజమే. ధనుర్వాతం క్రిములు మట్టిలోనూ గుర్రపు లద్దెలోనూ ఉంటాయి. కింద పడి చర్మం గీసుకోవడం నేర్చుకునేవాళ్ళకి మామూలే. పెద్దవాళ్ళకి సాధారణంగా పదేళ్ళకోసారి బూస్టర్ వేయించుకోమంటారు. ప్రభుత్వాసుపత్రిలో అడగండి. అన్ని సామాన్ల కంటే చవకైన రక్షణ ఇదే.

## హెల్మెట్ కొనేటప్పుడు

ఏ మార్కు ఉంటే అసలుది?

లోపలి లేబుల్ మీద స్వారీ హెల్మెట్ల ప్రమాణాల నంబర్లు చూడండి: ఈఎన్ 1384, వీజీ1 01.040, పీఏఎస్ 015, ఏఎస్‌టీఎం ఎఫ్1163, వీటిలో ఏదో ఒకటి ఉండాలి. ఈఎన్ 1384 అయితే పక్కన 2017 లేదా ఆ తర్వాతి సంవత్సరం ఉందో లేదో చూడండి. ఏఎస్‌టీఎం అయితే ఎస్‌ఈఐ (పరీక్షించి ధ్రువీకరించే సంస్థ) ముద్ర కూడా ఉంటుంది. ఒక్క సీఈ గుర్తు (యూరప్‌లో అమ్మే సరుకు మీద వేసే ముద్ర) చూసి నమ్మొద్దు, అది సైకిల్ హెల్మెట్ల మీద కూడా ఉంటుంది, వాటి నంబరు ఈఎన్ 1078. చవగ్గా దొరికే నల్ల వెల్వెట్ టోపీలు కొన్ని చూడటానికి అచ్చం స్వారీ హెల్మెట్‌లాగే ఉంటాయి. లోపల పల్చటి ప్లాస్టిక్, గుడ్డ తప్ప ఏమీ ఉండదు. అవి ఫోటోకే.

నెల్లూరులో దొరుకుద్దా, ఆన్‌లైన్‌లో తెప్పించాలా?

మామూలు స్పోర్ట్స్ షాపుల్లో స్వారీ హెల్మెట్ పెట్టరు. డెకాథ్లాన్ వాళ్ళకి ఫుగాంజా అని స్వారీ సామాన్ల బ్రాండే ఉంది, కొత్తవాళ్ళ బడ్జెట్‌కి అదే దగ్గరగా ఉంటుంది. చెన్నై పోయే పని ఉంటే అక్కడి షోరూంలో పెట్టి చూసుకోవచ్చు, కానీ అన్ని షోరూముల్లో స్వారీ సెక్షన్ ఉండదు, బయల్దేరే ముందు స్టాక్ కనుక్కోండి. ఆన్‌లైన్‌లో అయితే రిటర్న్ తీసుకునే చోటే కొనండి. వచ్చాక ట్యాగులు తీయకుండా పావుగంట ఇంట్లో పెట్టుకుని తిరగండి. నుదురు ఒకేచోట నొక్కుకుని ఎర్రగా అయితే ఆ ఆకారం మీ తలకి సరిపోదు, సైజు మార్చినా ఉపయోగం ఉండదు, వేరే మోడల్ చూడాలి.

సైజు ఎట్టా కొలుచుకోవాలి?

టైలర్ టేపు తీసుకుని కనుబొమ్మలకి ఒక అంగుళం పైన, చెవుల మీదుగా, తల వెనక ఉబ్బెత్తుగా ఉన్నచోటు దాకా చుట్టి సెంటీమీటర్లలో చూడండి. స్వారీకి పోయేటప్పుడు ఎలా జడ వేసుకుంటారో అలా వేసుకునే కొలవండి. పెట్టుకున్నాక అంచు కనుబొమ్మల పైన రెండు వేళ్ళ ఎత్తులో, నేలకి సమాంతరంగా ఉండాలి. వెనక్కి వాలకూడదు. పట్టీ పెట్టకుండా తల ఊపితే హెల్మెట్‌తో పాటు నుదుటి చర్మం కూడా కదలాలి, హెల్మెట్ ఒక్కటే తిరిగితే అది వదులు. గడ్డం పట్టీకీ గొంతుకీ మధ్య ఒక వేలు దూరేంత చోటు చాలు.

సెకండ్ హ్యాండ్ హెల్మెట్ సగం ధరకి వస్తోంది, తీసుకోవచ్చా?

వద్దు. హెల్మెట్ లోపలి థర్మాకోల్ లాంటి పొర దెబ్బని తను నలిగి ఆపుతుంది, ఒకసారి నలిగితే మళ్ళీ ఉబ్బదు. పైన గీత కూడా ఉండకపోవచ్చు, లోపల మాత్రం పని అయిపోయి ఉంటుంది. ఎన్నిసార్లు పడిందో అమ్మేవాళ్ళకే గుర్తుండదు. మీ సొంత హెల్మెట్ అయినా గట్టిగా పడిన తర్వాత మార్చాల్సిందే. పడకపోయినా సుమారు ఐదేళ్ళకి మార్చమని తయారీదారులు చెబుతారు. బూట్లు, ప్యాంటు, గ్లవ్స్ మాత్రం సెకండ్ హ్యాండ్‌వి నిశ్చింతగా కొనుక్కోండి.

మా వాడికి పదేళ్ళు, ఒక సైజు పెద్దది కొంటే రెండేళ్ళు వస్తుంది కదా?

స్కూలు యూనిఫాంకి అలా చేస్తాం కానీ హెల్మెట్‌కి చేయకూడదు. వదులు హెల్మెట్ పడేటప్పుడు ముందుకో వెనక్కో జరిగిపోయి నుదురో మెడ వెనకో ఖాళీ వదిలేస్తుంది. వెనక తిప్పే డయల్ ఉన్న మోడల్ తీసుకుంటే కొన్ని సెంటీమీటర్ల దాకా తల పెరిగినా సర్దుకోవచ్చు, పిల్లలకి అదే మంచిది. గుడ్డలు, స్పాంజి ముక్కలు లోపల కుక్కి బిగించడం అస్సలు చేయొద్దు.

అక్కడ అందరూ ఒకే హెల్మెట్ పెట్టుకుంటున్నారు, పేలు, చుండ్రు వస్తాయని భయం.

పల్చటి కాటన్ స్కల్ క్యాప్ పెట్టుకుని దాని మీద హెల్మెట్ పెట్టుకోండి, రోజూ ఉతకండి. టర్కీ టవల్ మందం ఉన్నది పెడితే హెల్మెట్ బిగువు మారిపోతుంది. ఇంకొకరి హెల్మెట్ వాడేటప్పుడు లోపల చెయ్యి పెట్టి పగుళ్ళు ఉన్నాయా, పట్టీ లాక్ సరిగా పడుతోందా చూసుకోండి.

## బూట్ల సంగతి

స్పోర్ట్స్ షూ ఉన్నాయి, వాటితో ఎందుకు ఎక్కనివ్వడం లేదు?

కింద పడటం కంటే భయంకరమైనది పాదం రికాబులో (జీనుకి వేలాడే, కాలు పెట్టే ఇనుప వలయం) ఇరుక్కుని గుర్రం లాక్కుపోవడం. మడమ లేని బూటు అయితే పాదం మొత్తం రికాబు లోంచి అవతలికి దూరిపోతుంది. రెండు, రెండున్నర సెంటీమీటర్ల మడమ ఉంటే అక్కడే ఆగిపోతుంది. రన్నింగ్ షూ అడుగున గాడులు కూడా లోతుగా ఉండి రికాబుకి పట్టుకుంటాయి, పడేటప్పుడు పాదం జారి బయటికి రావాలి కానీ పట్టుకోకూడదు. అందుకే నున్నటి అడుగు, చిన్న మడమ, చీలమండ కప్పేంత ఎత్తు, ఈ మూడూ చూడండి. లేసులు పొడుగ్గా వేలాడకూడదు.

అసలు స్వారీ బూట్లు కొనే స్తోమత లేదు. మన షూ షాపుల్లో ఏది అడగాలి?

పక్కల ఎలాస్టిక్ ఉండే చెల్సీ బూట్లు అడగండి. నెల్లూరు ట్రంకు రోడ్డులో అయినా ఒంగోలులో అయినా మామూలు షూ షాపుల్లో అవి దొరుకుతాయి. చూడాల్సినవి: తోలువై ఉండాలి, మడమ వేరుగా కనపడాలి, అడుగు దాదాపు నున్నగా ఉండాలి, ముందు భాగం మరీ వెడల్పు ఉండకూడదు. అడుగు గమ్ముతో అతికించినదైతే మన ఎండకి ఊడిపోతుంది, కాబట్టి కొన్న రోజే చెప్పులు కుట్టే ఆయన దగ్గర చుట్టూ కుట్టు వేయించేయండి. మడమ చాలకపోతే ఆయనే ఒక పొర వేస్తారు, గాడులు ఎక్కువుంటే అరగదీసి ఇస్తారు. ఇన్ని పనులు చేయించినా అసలు స్వారీ బూట్ల ఖర్చులో కొంత భాగమే అవుతుంది.

ఇంకో మాట. ఏ బూటు కొన్నా మీరు నేర్చుకునే చోట రికాబులో పెట్టి చూడండి. బూటు వెడల్పు కంటే రికాబు మొత్తం మీద ఒక అంగుళం ఎక్కువ ఉండాలి. ఇరుకైతే ఇరుక్కుంటుంది, మరీ వెడల్పైతే పాదం లోపలికి దూరిపోతుంది.

కృష్ణపట్నం పోర్టులో పని, కంపెనీ ఇచ్చిన సేఫ్టీ షూ ఉన్నాయి. అవి గట్టివే కదా?

గుర్రాన్ని కడిగేటప్పుడు, మేత వేసేటప్పుడు వేసుకోండి, కాలు మీద గిట్ట వేసినా వేళ్ళు కాపాడతాయి. ఎక్కడానికి మాత్రం వద్దు. ముందు ఇనుప టోపీ వల్ల వెడల్పుగా ఉండి రికాబులో బిగుసుకుంటాయి, అడుగున గాడులు కూడా లోతుగా ఉంటాయి.

మోకాలి దాకా ఉండే బూట్లు లేకపోతే పిక్కలు ఒరుసుకుపోవా?

ఒరుసుకుంటాయి, రికాబు తోలు పట్టీ పిక్కని గిల్లుతుంది. మొదట్లో మోకాలి దాకా ఉండే ఫుట్‌బాల్ సాక్సులు వేసుకుంటే చాలావరకు తగ్గుతుంది. తర్వాత హాఫ్ చాప్స్ కొనుక్కోండి, అంటే చీలమండ నుంచి మోకాలి దాకా జిప్పుతో బిగించుకునే తోలు కవచం. పొట్టి బూట్లు, హాఫ్ చాప్స్ కలిస్తే పొడుగు బూట్లు చేసే పని చేస్తాయి, ఖర్చు బాగా తక్కువ, మన వేడికి విప్పుకోవడం కూడా తేలిక. తోలు సామాన్లకి కాన్పూరు పెట్టింది పేరు, కాన్పూరు గుర్రపు జీన్లకి భౌగోళిక గుర్తింపు (జీఐ) కూడా ఉంది. అక్కడ తయారైన చాప్స్ ఆన్‌లైన్‌లో వెతికితే దిగుమతి సరుకు కంటే చవగ్గా దొరుకుతాయి. పిక్క చుట్టుకొలత, మోకాలి వెనక మడత నుంచి చీలమండ దాకా ఎత్తు, రెండూ కొలుచుకునే ఆర్డర్ పెట్టండి.

## కొన్నాళ్ళు నేర్చుకున్నాక

బ్రీచెస్ కొనాలా, టైలర్ దగ్గర కుట్టించుకోవచ్చా?

బ్రీచెస్ అంటే స్వారీకి వేసుకునే బిగువు ప్యాంటు. కుట్టించుకోవచ్చు, నేనైతే అదే చెబుతాను. నాలుగు వైపులా సాగే మందపాటి కాటన్ లైక్రా గుడ్డ తీసుకోండి. టైలర్‌కి మూడు మాటలు చెప్పండి: తొడ లోపలివైపు ఉబ్బెత్తు కుట్టు రాకూడదు, చీలమండ దగ్గర మడతలు పడకుండా బిగువుగా ఉండాలి, మోకాలి లోపలి పక్క అరచేయంత స్వేడ్ (గరుకుగా ఉండే మెత్తటి తోలు) ముక్క వేసి కుట్టాలి. ఆ ముక్క వల్లే జీను మీద పట్టు దొరుకుతుంది. కొలతలిచ్చేటప్పుడు నిలబడి కాదు, కుర్చీ మీద రెండు వైపులా కాళ్ళు వేసి కూర్చుని ఇవ్వండి, లేకపోతే వెనక నడుం కిందికి జారిపోతుంది. మొదట ఒక్కటే కుట్టించి నాలుగు క్లాసులు వాడి చూసి, సరిచేసి రెండోది కుట్టించండి.

తొడలు, పిరుదులు మండిపోతున్నాయి, ఏం చేయాలి?

లోదుస్తుల కుట్లే చాలామందికి కారణం. కుట్లు లేని, తొడ సగం దాకా వచ్చే రకం వేసుకోండి. మగవాళ్ళు వదులు బాక్సర్లు మానేసి పట్టి ఉంచేవి వేసుకోవాలి. ఎక్కేముందు ఒరుసుకునే చోట కొంచెం పెట్రోలియం జెల్లీ రాయండి. చర్మం లేచిపోయి ఉంటే మానేదాకా స్వారీ ఆపండి. మంట తప్పించుకోవడానికి వంకరగా కూర్చుంటారు, అది మీకూ గుర్రం వీపుకీ కూడా మంచిది కాదు.

గ్లవ్స్ అవసరమా? బైకు గ్లవ్స్ సరిపోతాయా?

మన దగ్గర అవసరమే, చెమటకి పగ్గాలు చేతిలోంచి జారిపోతాయి. గుర్రం తల ఒక్కసారి విదిలిస్తే వేళ్ళ మధ్య తోలు కోసుకుపోతుంది. బైకు గ్లవ్స్ మందంగా ఉండి పగ్గం కదలిక తెలియనివ్వవు, దాంతో తెలియకుండానే గట్టిగా లాగేస్తాం, ఆ బాధంతా గుర్రం నోటికి. పల్చగా, అరచేతిలో రబ్బరు చుక్కలున్నవి చాలు. పట్టు కోసం పగ్గాలు చేతికి చుట్టుకోవడం మాత్రం ఎప్పుడూ వద్దు.

బాడీ ప్రొటెక్టర్ తీసుకోమంటున్నారు, చాలా రేటు.

ఇది ఛాతీకీ వీపుకీ దెబ్బ తగలకుండా వేసుకునే మందపాటి కోటు. నడక, ట్రాట్ వరకే అయితే పెద్దవాళ్ళు కొంతకాలం ఆగొచ్చు. దూకడం మొదలుపెట్టేటప్పుడు, లేదా తెలియని గుర్రం మీద బయట తిరిగేటప్పుడు తీసుకోండి. ఈఎన్ 13158 లెవెల్ 3 అని లేబుల్ ఉండాలి. ఒంటిని హత్తుకుని ఉండాలి, వదులుగా ఉంటే పనిచేయదు. పిల్లలకి మాత్రం మొదటి నుంచే ఉంటే మంచిదని నా అభిప్రాయం.

సొంత జీను, కొరడా, స్పర్స్ కొనేయనా?

కొనొద్దు. జీను మనిషికి కాదు, గుర్రం వీపుకి సరిపోవాలి. సొంత గుర్రం లేకుండా జీను కొంటే అది ఏ గుర్రానికి సరిపోతుందో తెలియదు, సరిపోని జీను వీపు మీద పుండ్లు చేస్తుంది. స్పర్స్ (బూటు మడమకి తగిలించే లోహపు ములుకులు) కాలు నిలకడగా ఉన్నవాళ్ళకి మాత్రమే. కాలు ఇంకా ఊగుతుంటే ప్రతి ఊపుకీ గుర్రం డొక్కలో పొడుస్తూ ఉంటాం. కొరడా ఎప్పుడు పట్టాలో నేర్పేవాళ్ళు చెబుతారు, అప్పుడు వాళ్ళదే వాడండి.

## ఎండ, వాన, ఉప్పుగాలి

రోహిణీ కార్తెలో ఇవన్నీ వేసుకుని ఎట్టా చేయాలి?

ఆ రోజుల్లో సూర్యుడు ఎక్కకముందే దిగిపోవాలి, ఎనిమిది దాటాక గుర్రానికీ మనకీ ఇద్దరికీ మంచిది కాదు. హెల్మెట్ లేత రంగుది, గాలి రంధ్రాలున్నది తీసుకోండి. ఫుల్ చేతుల పల్చటి టీషర్ట్ చేతులు మాడకుండా కాపాడుతుంది. ఉప్పేసిన మజ్జిగ సీసా వెంట ఉంచుకోండి. వేడి అని హెల్మెట్ పట్టీ వదులు చేయకండి. తల తిరుగుతున్నా, చెమట ఆగిపోయినా వెంటనే దిగి నీడకి పోండి.

మైపాడు బీచిలో, కొత్తపట్నంలో సరదాగా ఎక్కడానికి కూడా ఇవన్నీ కావాలా?

కనీసం హెల్మెట్, మూసిన బూట్లు కావాలి. బీచిలో గుర్రం నడిపించేవాళ్ళ దగ్గర హెల్మెట్ దొరుకుతుందన్న ఆశ పెట్టుకోకండి, మీది తీసుకెళ్ళండి. తడి ఇసుక మెత్తగా ఉంటుందనుకుంటారు, గట్టిపడిన తడి ఇసుక మీద పడితే దెబ్బ బాగానే తగులుతుంది. వట్టి కాళ్ళతో గానీ హవాయి చెప్పులతో గానీ రికాబులో కాలు పెట్టొద్దు. తిరిగొచ్చాక బూట్లని మంచినీళ్ళ గుడ్డతో తుడవండి, ఉప్పు ఆరితే తోలు పగులుతుంది, జిప్పులు తుప్పుపడతాయి.

హెల్మెట్ కంపు కొడుతోంది, ఎండలో పెట్టొచ్చా?

లోపలి గుడ్డ ఊడదీసి షాంపూ నీళ్ళలో చేత్తో ఉతికి నీడలో ఆరేయండి. హెల్మెట్‌ని ఎండలో గానీ, కారులో గానీ, స్కూటర్ డిక్కీలో గానీ వదిలేయకండి, వేడికి లోపలి పొర పాడవుతుంది. పెట్రోలు, థిన్నర్‌తో తుడవడం, పైన స్టిక్కర్లు అంటించడం, పెయింట్ వేయించడం వద్దు.

వానాకాలం బూట్లకి బూజు పడుతోంది, ఏం చేయను?

మనకి అసలు వానలు అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా కదా, ఆ మూడు నెలలు తోలుని పట్టించుకోవాలి. తడిసిన బూట్లలో పాత పేపర్లు కుక్కి ఫ్యాన్ కింద ఆరబెట్టండి, పొయ్యి పక్కన పెట్టకండి. బూజుని పొడి గుడ్డతో ఇంటి బయట తుడిచి, శాడిల్ సోప్‌తో (తోలు సామాన్ల సబ్బు) శుభ్రం చేసి, పూర్తిగా ఆరాక తోలు కండిషనర్ పల్చగా పట్టించండి. కొబ్బరి నూనె ఎక్కువ పూస్తే తోలు మెత్తబడి కుట్లు వదులవుతాయి. ప్లాస్టిక్ కవర్లో మూటకట్టి బీరువాలో పెడితే బూజు మళ్ళీ వస్తుంది, పాత కాటన్ దిండు గలీబులో పెట్టి గాలి తగిలే చోట ఉంచండి.